పిల్లల లెక్క

జులై 3, ఆదివారం

ఈ వారం కూడా ఐజాక్ గుడికి రాలేదు. ముందు బెంచీలో నేనూ, మా చెల్లెలు ఫెయిత్, వెనక బెంచీలో ఐజాక్ వాళ్ళమ్మ కాంతమణిగారు ఒక్కరే. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, "ప్రేమమణమ్మా, మీ కాబోయే మరిది మన సంఘంలోనే ఉన్నాడా, ఇంకో సంఘం చూసుకున్నాడా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఎక్కడున్నాడో నాకు తెలుసు. కాకినాడ దగ్గర కోరంగిలో, మా అమ్మ చెరువులో, నడుం లోతు నీళ్ళలో. ఆదివారం పూట!

అంతా నేను నెత్తికెత్తుకున్నదే. అమ్మ పోయాక ఆ ఉప్పునీటి చెరువు పాడుపడి ఉంటే, "నాకివ్వండక్కా, పండుగప్ప పెంచుతాను" అన్నాడు. చెరువు మాది, తెలివి అతనిది, పిల్లలు ఇద్దరివీ అని నవ్వుకుంటూ ఒప్పేసుకున్నాం. సముద్రపు చేపని తెచ్చి చెరువులో పెంచడమేమిటో! ఏడాది తిరక్కుండా కేజీ తూగుతుందట, అంత జోరుగా పెరుగుతుందట. తమిళనాడు నుంచి అగ్గిపుల్లలంత పిల్లల్ని నీళ్ళ సంచుల్లో తెచ్చారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఫోను మోగితే చాలు, "పిల్లలు తింటున్నాయా? పిల్లలు పెరిగాయా?" ఫెయిత్‌కి అదే లోకం. నేను పిల్లల్ని కనలేదు గానీ చెల్లెలి పుణ్యమా అని వేలకి వేలు వచ్చి పడ్డాయి.

జులై 9, శనివారం

ఐజాక్‌ని పిలిపించి అడిగేశాను. రైలుకి పోయే దారిలో వచ్చాడు, భుజాన సంచీతో, కళ్ళు ఎర్రగా. రాత్రంతా మాదాపూర్‌లో అమెరికా వాళ్ళ కంప్యూటర్లకి కాపలా కాసే ఉద్యోగం.

"వాళ్ళ శుక్రవారం అయ్యేసరికి మనకి శనివారం తెల్లారిపోతుందక్కా. కాస్త పడుకుని లేచి గౌతమి ఎక్కితే పొద్దున్నే కాకినాడ. నాకు మిగిలేది ఆదివారం ఒక్కటే. పిల్లల్ని ఏరాలి."

"ఏరడానికి అవేమన్నా బియ్యంలో రాళ్ళా?"

"పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో వెయ్యాలి. వారం వారం చెయ్యాలి. కలిపి వదిలేస్తే కష్టమక్కా."

"మా బళ్ళో గోడమీద ఐకమత్యమే మహాబలం అని రాసుంటుంది. నువ్వు చదివిన బళ్ళో లేదా?"

నవ్వాడు. నేను నవ్వలేదు. చెప్పేశాను: ఇకనుంచి ఆదివారం ఆదివారమే. దేవుని దినాన చేపల చెరువులో దిగే పెళ్ళికొడుకు పేరు అయ్యగారి నోట చదివించను. గుడిలో కనబడితేనే పెళ్ళి ప్రకటనలు, ప్రకటనలు అయితేనే పెళ్ళి.

అతను ఫెయిత్ వైపు చూశాడు. అది టీవీ వైపు చూసింది. "సరే అక్కా, చెరువు దగ్గరుండే సుబ్బులు వాళ్ళాయనకి ఫోన్లో చెప్తాను, చూస్తాడు" అని సంచీ కింద పెట్టేశాడు. పెద్దదాని మాట విన్నాడు, సంతోషం. ఫెయిత్ మంచికే కదా.

ఆగస్టు 7, ఆదివారం

మొదటి ప్రకటన చదివారు! "ఐజాక్ అను యువకునికిని, ఫెయిత్ అను యువతికిని వివాహము జరుగబోవుచున్నది. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను." ఇలాగే మూడు ఆదివారాలు చదవాలి. ఎవరూ లేవరు. నా ఎరుకలో ఎవరూ లేచింది లేదు. ఆ మాట చదివాక అయ్యగారు ఒక్క క్షణం ఆగుతారు, అప్పుడు పెళ్ళికూతుళ్ళందరూ తల దించుకుంటారు. ఫెయిత్ కూడా దించుకుంది.

నేను పొత్తిళ్ళలో ఎత్తుకున్న పిల్ల. నాన్న పోయినప్పుడు దానికి పాలపళ్ళు కూడా రాలేదు. ఏడుపొచ్చింది. చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

ఆగస్టు 14, ఆదివారం

రెండో ప్రకటన అయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఫెయిత్ చెప్పింది.

"అక్కా, మ్యారేజ్ అయ్యాక మేమిద్దరం రిజైన్ చేసేస్తున్నాం. కోరంగి షిఫ్ట్ అయిపోతాం. వీకెండ్స్‌లో అయ్యే పని కాదిది, అక్కడే ఉండాలి."

పప్పు గరిటె చేతిలోనే ఉండిపోయింది. మారేడ్‌పల్లిలో ఇల్లు, మాదాపూర్‌లో ఉద్యోగం, ఇంటి ముందు ఆఫీసు కారు వచ్చి హారన్ కొడుతుంది. ఊరంతా పిల్లల్ని కంప్యూటర్ కోర్సుల్లో చేర్చడానికి అమీర్‌పేటలో క్యూలు కడుతుంటే ఇది చేపల దగ్గరికి పోతుందట! మా తాత ఆ కంపు వదిలించుకోవడానికే కదా రైలెక్కి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేరింది.

"మరి నేను?" అన్నాను. నిజంగా అనలేదు. అనబోయి, "మజ్జిగ పొయ్యనా?" అన్నాను.

ఆగస్టు 15, సోమవారం

బళ్ళో జెండా ఎగరేశాం. లడ్డూ దానికోసం తెచ్చాను. తినలేదు. నేనూ తినలేదు.

ఆగస్టు 17, బుధవారం

నాకేం కోపం లేదు. ఎక్కడున్నా అది బాగుంటే చాలు. శుక్రవారం సెలవు పెట్టాను. చెరువు మాదే కదా, ఒకసారి చూసి రావడంలో తప్పేముంది? వాళ్ళకి చెప్పలేదు. చెప్తే కంగారు పడతారు.

ఆగస్టు 20, శనివారం

పొద్దున్నే వచ్చాను.

నిన్న సుబ్బులూ వాళ్ళాయనా వల లాగారు. చెరువులో వలలతో గదులు గదులుగా కట్టి ఉన్నాయి, ఒక్కో గదీ ఎత్తి చూపించారు. పిల్లలేవీ! ఒక గదిలో ఏభై, ఒక గదిలో అరవై, అవి కూడా జానెడు పొడుగున దిట్టంగా ఉన్నాయి. వేలల్లో వేసిన పిల్లల్లో నాలుగో వంతు కూడా లేవు. "చచ్చి తేలాయా?" అని అడిగాను. "ఒక్కటీ తేల్లేదమ్మగారూ, తేలితే కాకులు చెప్పవూ?" అంది సుబ్బులు. వలకి చిరుగు లేదు, గట్టుకి గండి లేదు. సుబ్బులు వాళ్ళాయన్ని నిలదీస్తే, "మేత వెయ్యమన్నారు వేశాను. చేపల్ని చేత్తో ఏరమన్నారు, అదెక్కడి పనండీ, మేమెప్పుడూ ఎరగం" అన్నాడు.

లెక్కల టీచర్ని. వేసినవి వేలు. చచ్చినవి సున్నా. ఉన్నవి గుప్పెడు. మిగతావి ఏమైనట్టు? ఎవరో ఎత్తుకుపోయి ఇంకో చెరువుకి అమ్ముకున్నారు. సుబ్బులు మొగుడికి అంత తెలివి లేదు. తమిళనాడు వాళ్ళతో మాట్లాడేది ఎవరు? బేరగాళ్ళ నంబర్లు ఎవరి దగ్గరున్నాయి? ఫెయిత్‌ని కూడా అక్కడికే ఎందుకు లాక్కుపోతున్నట్టు?

నేను వెతకడానికి పోలేదు. చూడ్డానికి పోయాను. కనబడింది.

సుబ్బులు పెద్దవి నాలుగు ఐసులో కట్టి ఇచ్చింది. తెచ్చి ఫ్రిజ్‌లో పైన ఐసు అరలో పడేశాను. ఫెయిత్ ఆఫీసు నుంచి వచ్చి పడుకుంది. దాన్ని లేపి చెప్దామని గుమ్మం దాకా వెళ్ళాను. చెప్పలేదు. చెప్తే అతనికి ఫోను చేస్తుంది, అతనేదో కథ అల్లుతాడు, ఇది నమ్మేస్తుంది.

ఆగస్టు 21, ఆదివారం

లేచి నిలబడ్డాను. ఓ దేవుడా. నేనే.

ఆగస్టు 22, సోమవారం

నిన్న ఇంతకన్నా రాయలేకపోయాను. ఇవాళ బడికి పోలేదు.

లేవాలని వెళ్ళలేదు, ఒట్టు. అయ్యగారు "అభ్యంతరమున్న యెడల" అని చదివి, ఎప్పట్లాగే ఆగారు. ఆ ఆగడంలో నా కాళ్ళు వాటంతటవే లేచాయి. పక్కన ఫెయిత్ నేను దగ్గడానికి లేచాననుకుని మంచినీళ్ళ సీసా అందించింది.

"అయ్యగారూ, ముందు ఇతను పిల్లల్ని ఏం చేశాడో సంఘం ముందు చెప్పమనండి" అన్నాను. క్లాసులో మాట్లాడే గొంతు నాది, చివరి బెంచీ దాకా వినబడుతుంది. "పిల్లల లెక్క తేలేదాకా ఈ పెళ్ళి జరగడానికి వీల్లేదు."

వెనక కాంతమణిగారి బైబిలు కిందపడింది. ఐజాక్ లేచి నా వైపు చూశాడు. కోపంగా చూసుంటే బాగుండేది. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలీనివాడిలా చూశాడు. "ఏరలేదా అక్కా..." అన్నాడు మెల్లిగా. నాకు అర్థం కాలేదు. సంజాయిషీ నములుతున్నాడు అనుకున్నాను. వాళ్ళమ్మని రెక్క పట్టుకుని బయటికి నడిపించుకుపోయాడు.

గేటు దగ్గర రోసమ్మ పట్టుకుంది. పక్కింటావిడ, ఆవిడ చెవిన పడ్డ మాట బొల్లారం దాకా పోతుంది.

"ఏందీ టీచరమ్మా, గిట్లయింది? జెర నిమ్మళంగ చెప్పు. ఎంతమంది పిల్లలు?"

"వేలల్లో!" అన్నాను. ఒళ్ళు మండిపోతోంది, ఆవిడ ఏమడుగుతోందో ఎవరు వింటారు?

"ఊకో, పరేషాన్ల ఏదో అంటున్నవ్. తల్లి ఏడుంటది?"

"తల్లి తమిళనాడులో."

"అయ్యో దేవా!" అని రోసమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. చేపపిల్లల మీద ఈవిడకి ఇంత జాలేమిటా అనుకున్నాను గానీ, ఆగి ఆలోచించలేదు.

సాయంత్రానికి తెలిసింది. బళ్ళో నాతో పనిచేసే లీలాకుమారి ఫోను చేసి, "పాపం ఫెయిత్! ముందే తెలిసి మంచిదైంది. తమిళావిడతో కాపురమట కదా, ఇద్దరు పిల్లలట, ఆ పిల్లల్ని ఎక్కడో వదిలేశాడట" అంది. ఫోను జారి పడిపోయింది. పిల్లలు! నేనన్నది చేపపిల్లలు! మా ఇంట్లో మూడు నెలలుగా పిల్లలంటే అవే, ఇంకో పిల్లలు ఉంటారని కూడా నాకు తట్టలేదు. రెండొందల మంది సంఘం, ఒక్కరికైనా చేప గుర్తు రావాలి కదా? వాళ్ళకెందుకు గుర్తొస్తుంది!

ఫెయిత్ బట్టలు సర్దుకుంది. "చేపలని ఎందుకు అనలేదక్కా? ఒక్క మాట. చేపలు. అంతే." నేను చెప్పబోయాను. అది వినలేదు. "అయినా, చేపలే అన్నా... నువ్వు అతన్ని దొంగ అన్నావు. చర్చిలో. నన్ను ఒక్క మాట అడక్కుండా." ఫ్రెండ్ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. తలుపు మెల్లిగానే వేసింది.

పిల్లలనడం పొరపాటే, ఒప్పుకుంటాను. దొంగతనం మాత్రం దొంగతనమే. లెక్క లెక్కే.

ఆగస్టు 24, బుధవారం

దానికి చేపల పులుసంటే ప్రాణం. వస్తుందేమోనని, ఫ్రిజ్‌లోవి తీసి నీళ్ళలో వేశాను. అమ్మ కత్తిపీట వాల్చుకుని కూర్చున్నాను. పొలుసు తీశాను, పొట్ట చీరాను.

లోపల ఇంకో చేప.

నా చేతిలో ఉన్నదాని పిల్ల కాదు. దాని ఈడుదే. అదే పండుగప్ప, అదే వంపు తిరిగిన మూతి, తోక అప్పుడే కరగడం మొదలుపెట్టింది. వేలెడు పొడుగు. అమాంతం మింగేసింది.

రెండోది కోశాను. అందులో కూడా. మూడోదాంట్లో రెండు, ఒకదాని పక్కన ఒకటి, అగ్గిపెట్టెలో పుల్లల్లా.

వంటింట్లో గచ్చు మీద అలా కూర్చుండిపోయాను. చేతుల నిండా నెత్తురు. నాలుగోది కొయ్యలేదు. కొయ్యడానికి ధైర్యం చాల్లేదు.

చేప చేపని తింటుందని మా అమ్మ చెప్పేది. పెద్ద చేప చిన్న చేపని మింగుతుందని మనిషన్నవాడెవడైనా అంటాడు. కానీ ఒకే సంచీలో వచ్చినవి, ఒకే రోజున పుట్టినవి! కాస్త ముందు పెరిగింది వెనకబడ్డదాన్ని మింగేస్తుందా? అందుకా ఏరడం? అందుకా వారం వారం?

ఆదివారం నేను లేచి నిలబడ్డప్పుడు నిజం నా ఫ్రిజ్‌లోనే ఉంది.

ఆగస్టు 25, గురువారం

ఐజాక్‌కి ఫోను చేశాను. ఎత్తడనుకున్నాను. ఎత్తాడు.

"ఒకదాన్నొకటి తినేస్తాయని ఎందుకు చెప్పలేదు బాబూ?"

"ఏరాలని చెప్పాను కదక్కా. ఎందుకని మీరు అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఏరామనే చెప్పాడు సుబ్బులు వాళ్ళాయన, నేను నమ్మాను."

అంటే జులై నుంచి. ఆదివారం ఆదివారమే అని నేనన్న రోజు నుంచి. ముందు బెంచీ పక్కన తెల్లచొక్కా వేసుకుని అతను కీర్తనలు పాడుతుంటే, అక్కడ చెరువులో పెద్దవి చిన్నవాటిని తింటున్నాయి. నేనే కూర్చోబెట్టాను. దొంగ ఎవరని వెతుక్కుంటూ రైలెక్కి పోయాను. మతి పోతోంది. ఎన్నిసార్లు తీసివేత చేసినా నేనే మిగులుతున్నాను.

ఆగస్టు 27, శనివారం

సీతాఫల్‌మండిలో ఐజాక్ వాళ్ళింటికి వెళ్ళాను. కాంతమణిగారు గుమ్మంలోనే నిలబెట్టింది. నర్సుగా రిటైరైన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచదు.

"రోసమ్మ నిన్న మా ఇంటికొచ్చి మనవల్ని ఎప్పుడు చూపిస్తావని అడిగింది" అంది.

నేను ఆవిడ కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ వెనక్కి జరిగింది. "నాకెందుకమ్మా? అందరి ముందు అన్నావు, అందరి ముందే తియ్యి. అంతమంది చెవుల్లోంచి తియ్యగలిగితే తియ్యి."

ఆగస్టు 28, ఆదివారం

తీశాను.

అయ్యగారు పిలిచారు, ముందుకెళ్ళి నిలబడ్డాను. పిల్లలంటే చేపపిల్లలని చెప్పాను. అవి పోవడానికి కారణం నేనేనని, ఐజాక్ ఏ పాపం ఎరగడని చెప్పాను. చేప కడుపులో చేపల సంగతి చెప్పాను. ఎక్కడో వెనక కుర్రాళ్ళ బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వాడు. తర్వాత ఆడవాళ్ళ వైపు. తర్వాత సంఘం సంఘమంతా. రోసమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.

ఉమ్మేస్తారనుకుని వెళ్ళాను. నవ్వుతారనుకోలేదు.

కాంతమణిగారు నవ్వలేదు. ఐజాక్ నవ్వలేదు. వాళ్ళిద్దరి మధ్య కూర్చున్న ఫెయిత్ నన్ను చూస్తోంది, నేనెవరో గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు.

అభ్యంతరం వచ్చింది గనక పాత ప్రకటనలు చెల్లవట. మళ్ళీ మొదటి నుంచి మూడు ఆదివారాలు చదవాలట.

ఆగస్టు 30, మంగళవారం

ఫెయిత్ వచ్చింది. మిగిలిన బట్టలకి. గుమ్మం దాటి లోపలికి రాకుండానే అంది, "ఆ మూడు సండేస్ నువ్వు చర్చికి రాకు. నువ్వుంటే చదివినప్పుడల్లా అందరూ నీ వైపే చూస్తారు. నేను తల దించుకోలేను, నువ్వు లేస్తావేమోనని నిన్నే చూస్తుండాలి."

"నేనెందుకు లేస్తానే?"

"ఫస్ట్ టైం ఎందుకు లేచావు?"

దానికి తెలుసు. నేను రాయనిది దానికి తెలుసు. అది కోరంగి వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకు అన్నం ఎవరితో తినాలో తెలీదు. అందుకే లేచాను. చేపలు దొరక్కపోతే ఇంకేదో దొరికేది. ఇప్పుడు రాశాను, చాలా?

సెప్టెంబరు 1, గురువారం

ఐజాక్‌కి ఫోను. "ఈ మూడు ఆదివారాలూ నువ్వు గుడిలో ఉండాలి కదా. మిగిలినవాటిని ఎవరు ఏరతారు?"

"ఎవరూ లేరక్కా."

"ఎలా ఏరాలో చెప్పు."

"మీరా? ఆదివారమా?"

"గుడికి రావద్దంది కదా నీ పెళ్ళాం."

"ఇంకా కాలేదక్కా" అన్నాడు. మెత్తగానే అన్నాడు. తర్వాత చెప్పాడు, ఏ గదిలోవి ఎందులోకి, చెయ్యి తడిపి పట్టుకోవాలని, మొప్పల పక్కన పదును చూసుకోవాలని. క్లాసులో పిల్లదానిలా రాసుకున్నాను.

సెప్టెంబరు 4, ఆదివారం. కాకినాడ స్టేషను

జీవితంలో మొదటిసారి గుడి లేని ఆదివారం.

ఫెయిత్ పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని దిగాను. సుబ్బులు గట్టు మీద నోరు తెరుచుకుని చూసింది. "మీరు దిగడమేంటమ్మగారూ!" బురద మోకాళ్ళ దాకా లాగింది. పెద్దవి ఒక తొట్టిలో, మధ్యరకం ఒక తొట్టిలో, చిన్నవి ఒక తొట్టిలో. అర్ధగంటకే రెండు వేళ్ళు తెగాయి. అక్కడ ఈపాటికి రెండో కీర్తన అయి ఉంటుంది అనుకుంటున్నాను, అయ్యగారు కాగితం తీసి ఉంటారు.

అప్పుడే ఒకటి చేతికొచ్చింది, నోట్లోంచి ఇంకోదాని తోక బయటికి వేలాడుతోంది. ఆ తోక ఇంకా కొట్టుకుంటోంది. పట్టుకుని లాగాను. గట్టిగా లాగాను. రాలేదు. నా చేతిలోనే, నేను చూస్తుండగానే, లోపలికి పోయింది. పెద్దదాన్ని పెద్దవాటి తొట్టిలో వేశాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు. మిగతావి ఏరాను. చీకటి పడకముందే అన్నీ అయ్యాయి, సుబ్బులు వాళ్ళాయన కూడా చివరికి దిగాడు.

ఇప్పుడే ఫెయిత్ ఫోను చేసింది. స్టేషన్లో గోల, రెండో చెవి మూసుకుని విన్నాను.

"చదివారు. ఎవరూ లేవలేదు."

"మంచిదమ్మా." ఇంకేం అడగాలో తెలీక, "నేను కనబడలేదేమని ఎవరైనా అడిగారా?" అన్నాను. ముప్పై ఏళ్ళుగా ముందు బెంచీ నాది.

"లేదు. ఎవరూ అడగలేదు" అంది. "ఎన్ని మిగిలాయి?"

చెప్పాను. సరే అని పెట్టేసింది. వేళ్ళకి కట్టిన గుడ్డ తడిసిపోయింది, మార్చాలి. బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది.